కళ్యాణకట్టకు వెళ్ళే దారిలో

జుట్టు పల్చబడుతున్న కుర్రాడికి ఎదుటి మగవాడిలో ముందు కనపడేది ముఖం కాదు, నుదురు. అది ఎక్కడ ఆగింది, కణతల పైన ఎంత లోపలికి పోయింది, పాపిడి వెడల్పయిందా లేదా, ఇవన్నీ చూశాకే కళ్ళూ ముక్కూ. ఇరవై నాలుగో ఏట నుంచీ నాకు ఈ అలవాటుంది. మెట్రోలో, ఆఫీసు లిఫ్టులో, పెళ్ళి భోజనాల బంతిలో ఎక్కడున్నా అదే పని. అందుకే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ దిగి తిరుపతి ప్లాట్‌ఫాం మీద నిలబడ్డప్పుడు నా చూపు కాసేపు ఎక్కడా ఆనలేదు. ఎటు చూసినా గుండ్లే. చందనం పూసిన పచ్చటి గుండ్లు. తిరుగు రైలు కోసం దుప్పట్లు పరుచుకుని పడుకున్న ముసలివాళ్ళు, తల్లి భుజం మీద నిద్రపోతున్న పసివాళ్ళు, లడ్డూ సంచీ ఒళ్ళో పెట్టుకుని ఫోన్లు చూసుకుంటున్న నా ఈడువాళ్ళు. పోల్చి చూసుకోవడానికి ఒక్క తలా దొరకలేదు.

మొక్కు అమ్మది. నాకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు, ఆసుపత్రి వరండాలో కూచుని, బిడ్డ లేచి తిరిగితే కొండకి కాలినడకన పంపి తలనీలాలు ఇప్పిస్తానని మొక్కుకుంది. నేను లేచి తిరిగాను. మొక్కు మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. సెలవు దొరకలేదని ఓసారి, రిజర్వేషన్ దొరకలేదని ఓసారి చెబుతూ వచ్చాను. లోపల ఉన్నది ఒకటే భయం: ఉన్నది కాస్తా తీసేస్తే మళ్ళీ వస్తుందా? "ఈసారి ఒత్తుగా వస్తుంది లేరా" అని అమ్మ ధైర్యం చెప్పేది. మన ఇళ్ళలో పుట్టువెంట్రుకలు తీయించేనాడు మొదలయ్యే నమ్మకం అది. గొరిగితే వెంట్రుక దట్టంగా రావడం గానీ, వేగంగా పెరగడం గానీ జరగదని మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1928లోనే కొలిచి చూపించింది. కత్తి తగిలేది చర్మం పైన ఉన్న పోగుకి. కుదురు చర్మం లోపల కొన్ని మిల్లీమీటర్ల లోతున ఉంటుంది, పైన ఏం జరుగుతోందో దానికి తెలియదు. అంటే అమ్మ ఆశకీ ఆధారం లేదు, నా భయానికీ లేదు. ఈ సంగతి చదివాక కూడా టిక్కెట్లు తీయించుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

డెంగీ తగ్గిన రెండు మూడు నెలలకి జుట్టు ఊడటం మొదలైంది. దువ్వెనలో, దిండు మీద, బాత్‌రూం జాలీకి చుట్టుకుని, ఎక్కడ చూసినా వెంట్రుకలే. తీవ్రమైన జ్వరం వస్తే, పెరిగే దశలో ఉన్న వెంట్రుకలు పెద్ద సంఖ్యలో ఒకేసారి విశ్రాంతి దశలోకి వెళ్ళిపోయి, కొన్ని వారాల తర్వాత మూకుమ్మడిగా రాలతాయి. టైఫాయిడ్ తర్వాత, కాన్పు తర్వాత, కోవిడ్ తర్వాత రాలేదీ ఇలాగే. కుదుళ్ళకి ఏమీ కాదు గనక కొన్ని నెలల్లో మళ్ళీ వస్తాయి. నాకూ వచ్చాయి, వెనకా పక్కలా. కణతల పైన రెండు మూలల్లో మాత్రం సన్నటి నూగు మిగిలింది.

చర్మవ్యాధుల డాక్టరు భూతద్దం పెట్టి చూసి, జ్వరానిది వేరు, ఇది వేరు అన్నారు. టెస్టోస్టిరాన్ నుంచి ఒంట్లో తయారయ్యే డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే హార్మోను, దానికి లొంగే కుదుళ్ళని ఏళ్ళ తరబడి కుదించుకుంటూ పోతుంది. ప్రతి విడతా వెంట్రుక ఇంకాస్త సన్నబడుతుంది, ఇంకాస్త పొట్టిదవుతుంది. నుదుటి మూలలూ నడినెత్తీ లొంగుతాయి, చెవుల పైనా తల వెనకా లొంగవు. యుక్తవయసుకి ముందే వృషణాలు పోయినవాళ్ళకి బట్టతల రాదనీ, వంశంలో ఉన్నవాళ్ళకి టెస్టోస్టిరాన్ ఇస్తే మొదలవుతుందనీ జేమ్స్ హామిల్టన్ 1942లో చూపించాడు. నా స్నేహితులైతే హెల్మెట్ వల్ల అనేవాళ్ళు, బోరు నీళ్ళ వల్ల అనేవాళ్ళు, నైట్ షిఫ్టుల వల్ల అనేవాళ్ళు. డాక్టరు అవేవీ ఎత్తలేదు. "మీ అమ్మగారి వైపు ఎవరికైనా ఉందా?" అని అడిగారు. ఆ హార్మోనుని అందుకునే గ్రాహకం తాలూకు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లాడికి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే. తండ్రి వైపు నుంచి వచ్చే జన్యువులకీ ఇందులో చెయ్యి ఉంది. కానీ మా నాన్నకి అరవైలోనూ నిండు జుట్టు. నేను వెంటనే మామయ్య పేరు చెప్పాను.

అమ్మ నాకు తోడు పంపింది ఆ మామయ్యనే. అర్ధరాత్రి దాటాక ఒంగోలులో అదే పెట్టె ఎక్కాడు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. ముప్పై దాటకముందే బట్టతల. వాళ్ళ పేటలో ఆయన పేరు చెప్పి అడిగితే నలుగురు నాలుగు ఇళ్ళు చూపిస్తారు, బట్టతల మాస్టారు అంటే నేరుగా గుమ్మం దాకా తీసుకొచ్చి దింపుతారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన అలాగే ఉన్నాడు. ఆయనకీ ఒకప్పుడు ఇరవై ఐదేళ్ళు ఉండేవని, ఆయనా అద్దం ముందు నిలబడి ఉంటాడని నాకెప్పుడూ తట్టలేదు.

అలిపిరి దగ్గర పాదాల మండపంలో దణ్ణం పెట్టుకుని, చెప్పులు సంచిలో వేసి లగేజీ కౌంటర్లో ఇచ్చేసి, మెట్లెక్కడం మొదలుపెట్టాం. కొండ పైకి సుమారు 9 కిలోమీటర్లు, 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఉన్న మొదటి భాగమే ఊపిరి తీస్తుంది. ముందు వెళ్తున్న ఒకావిడ మెట్టుమెట్టుకీ వంగి పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతోంది. వెనకే ఆమె కూతురు కర్పూరం బిళ్ళ పెట్టి వెలిగిస్తోంది. ఎక్కేవాళ్ళంతా ఆ బొట్ల మీద కాలు పడకుండా పక్కకి జరిగి వెళ్తున్నారు. ఎవరి మొక్కు వాళ్ళది, అయినా దారి ఇవ్వడంలో ఎవరూ విసుక్కోవడం లేదు.

ఏడు కొండల్లో ఒకటి నీలాద్రి. నీలాదేవి కథ చిన్నప్పుడు అమ్మమ్మ చెబితే విన్నాను గానీ, మెట్ల మీద మామయ్య మళ్ళీ చెప్పినప్పుడే చెవికెక్కింది. స్వామి పుట్టలో ఉన్న రోజుల్లో, ఆవు పాలు పుట్టలో ధారపోయడం చూసిన గోపాలకుడు గొడ్డలి విసిరాడు. దెబ్బ స్వామి తలకి తగిలింది. గాయం మానింది కానీ అంతమేరా జుట్టు రాలేదు. గంధర్వ రాజకుమారి నీలాదేవి అది చూసి, ఇంత అందమైన రూపానికి ఈ లోటు ఉండకూడదని, తన కురుల్లోంచి కొంత కోసి అక్కడ అతికించింది. భక్తులిచ్చే తలనీలాలన్నీ ఆమెకే చెందుతాయని స్వామి మాట ఇచ్చాడు. కథ చెప్పి మామయ్య రెయిలింగు పట్టుకుని ఆగాడు. "ఆ తల్లి నవ్వలేదు, చూశావా," అన్నాడు. నేను ఆ కథని అలా ఎన్నడూ వినలేదు. అందులో ఒకరి తల మీద ఖాళీ జాగా ఉంది. చూసినామె దాన్ని లోటు అనే అనుకుంది, ఏమీ కాదన్నట్టు నటించలేదు, ఎగతాళీ చేయలేదు, చేతనైంది చేసింది.

గాలిగోపురం దగ్గర కూచున్నాం. మజ్జిగ తాగుతూ, ఎవరూ అడక్కుండానే మామయ్య తన పెళ్ళి సంగతి ఎత్తాడు.

"నాకు ఇరవై ఆరుకే ముందంతా పోయింది అల్లుడూ. గుంటగలగరాకు నూనె కాచి రాసుకున్నా. మందారాకు నూరి పట్టించా. ఉల్లిపాయ రసం కూడా పూశా, క్లాసులో ముందు బెంచీ పిల్లలు ముక్కు మూసుకునేవాళ్ళు. సంబంధం కుదిరాక ఇంకో భయం పట్టుకుంది. ఫోటోల గురించి కాదు. బాసికం కాస్త కిందికి కట్టమంటే కడతారు, తలపాగా పెడతారు, ఎట్లాగో గడుస్తుంది. జీలకర్ర బెల్లం మాటేంటి? అప్పుడు తలపాగా తీస్తారు. పిల్ల చెయ్యి నడినెత్తిన పడుద్ది. మండపంలో అందరి కళ్ళూ అక్కడే ఉంటాయి. ముహూర్తం పెట్టిన కాణ్ణించి నాకు నిద్ర లేదు."

"మరి?"

"మీ అత్త పెట్టింది. నున్నటి నెత్తి, బెల్లం ముద్ద, అప్పటికే ఒళ్ళంతా చెమట. జారబోయింది. ఆ పిల్ల రెండో చెయ్యి కూడా తెచ్చి అదిమిపట్టుకుంది. పంతులుగారు చాలమ్మా అనేదాకా తియ్యలా. కిందెవరో నవ్వారు కూడా. తను ఆ వైపే చూళ్ళా."

ఇంత కాలంలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదన్నాడు. ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు.

ఇక్కడే నాకు మనసు కలుక్కుమంది. ముప్పై ఏళ్ళ పైబడి మా ఇంట్లో అందరూ ఆయన తల మీద చెణుకులు విసిరారు, ప్రేమగానే. ఆయనా నవ్వాడు. ఆ నవ్వుని మేం సమ్మతి అనుకున్నాం. మగవాడి జుట్టు పోవడం తెలుగునాట ఇప్పటికీ హాస్యం కిందే లెక్క. మన సినిమాల్లో విగ్గు ఊడే సన్నివేశానికి ఉన్నంత ఆయుర్దాయం ఇంక దేనికీ లేదు. అవసరాల శ్రీనివాస్ కథానాయకుడుగా 2021లో వచ్చిన 'నూటొక్క జిల్లాల అందగాడు' బట్టతల కుర్రాడి పక్షాన నిలబడి కథ చెప్పింది, నాకు తెలిసి మన దగ్గర అది అరుదు. ఇక ఓదార్చేవాళ్ళందరూ రజనీకాంత్‌ని చూపిస్తారు. ఆయన తెర బయట బట్టతలతోనే తిరుగుతాడు, నిజమే, అందుకు ఆయనంటే నాకు గౌరవం. కానీ లోకమంతా ఆయన ముఖాన్ని ఎరిగాక తీసిన విగ్గు అది. పెళ్ళిచూపులకి వెళ్ళే కుర్రాడి ముఖం ఇంకా ఎవరికీ తెలియదు. అతని మీద ఎదుటివాళ్ళ మొదటి అభిప్రాయం ఆ నుదుటి దగ్గరే మొదలవుతుంది. అతని భయానికి కారణం ఉంది.

ఎవరికీ చెప్పుకోలేని భయం ఎక్కడికి తీసుకుపోతుందో కూడా చూశాం. 2016లో చెన్నైలో ఒక వైద్య విద్యార్థి, ఇరవై రెండేళ్ళవాడు, జుట్టు మార్పిడి చేయించుకోబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. రేపో మాపో డాక్టరు కావలసిన కుర్రాడు. ఆ వార్త చదివిన రోజు నాకు జుట్టు నిండుగానే ఉండేది, అయినా ఎందుకో మర్చిపోలేకపోయాను. సరైన చోట, సరైన శిక్షణ ఉన్న వైద్యుడు చేస్తే ఆ మార్పిడి మంచి చికిత్సే. తల వెనక నుంచి తీసిన కుదురు ముందు నాటినా తన వెనకటి స్వభావం వదులుకోదని, హార్మోనుకి లొంగదని, నార్మన్ ఓరెన్‌ట్రైక్ 1959లో ప్రకటించాడు. ఇవాళ నగరాల్లో వీధి వీధినా వెలసిన కేంద్రాలన్నిటికీ మూలం ఆ ఒక్క గమనిక. నీలాదేవి చేసినట్టు ఇంకొకరి జుట్టు నాటితే మాత్రం ఒళ్ళు ఒప్పుకోదు, ఎవరిది వాళ్ళకే. పైగా ఇరవైల్లోనే తొందరపడి నాటించుకుంటే, నాటినవి నిలిచి వాటి వెనకున్నవి రాలిపోయి మధ్యలో ఖాళీ పడవచ్చు. నా డాక్టరు నన్ను ఆగమన్నది అందుకే.

ఏడో మైలు ఆంజనేయస్వామిని దాటి, ఘాట్ రోడ్డు పక్కన నడిచి, మోకాళ్ళ పర్వతం ఎక్కేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. నిటారుగా ఉన్న ఆ మెట్లని కొందరు మోకాళ్ళ మీదే ఎక్కుతున్నారు. మామయ్య ఉత్తరీయం తీసి తల మీద వేసుకున్నాడు. "ఎండ మనకి ఎక్కువ తగులుద్ది," అన్నాడు. ఆ "మనకి" అనడం నాకు బాగుంది.

కొండ మీద ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకోరు, పూలన్నీ స్వామివే. జుట్టూ అంతే. కళ్యాణకట్ట పెద్ద భవనం, రాత్రీ పగలూ నడుస్తూనే ఉంటుంది. డబ్బు కట్టక్కర్లేదు. టోకెనూ, బ్లేడూ చేతికిస్తారు. లోపల తడి, సాంబ్రాణి, మనుషుల వాసన కలిసిన ఒక వేడి. వరసగా కూచున్న క్షురకులు, వాళ్ళ ఎదుట తలలు వంచిన జనం. పక్క వరసలో ఒకావిడకి మూడు కత్తెర్లు వేస్తున్నారు. ఇంకో పక్క బారెడు జడ మొదలంటా తీయించుకుంటున్న యువతి కళ్ళు తుడుచుకుంటోంది, తల్లి వెన్ను నిమురుతోంది. ఈ జుట్టంతా పొడవుని బట్టి వేరుచేసి దేవస్థానం వేలం వేస్తుంది. కొన్నేళ్ళు ఆ రాబడి వంద కోట్ల రూపాయలు దాటింది. ఎక్కువ ధర పలికేది ఆడవాళ్ళ పొడుగు జుట్టు, విగ్గులకి పోతుంది. ఎక్కడో ఏదో ఊళ్ళో ఒక కుర్రాడు పెళ్ళిచూపుల రోజు అతికించుకునే ప్యాచ్‌లో ఈ అమ్మాయి జుట్టూ ఉండొచ్చు.

నా వంతు వచ్చింది. కుళాయి కింద తల తడిపి కూచున్నాను. క్షురకుడు నడివయసు మనిషి. బ్లేడుని రెండుగా విరిచి కత్తికి బిగించి, ఎడమచేత్తో తల ముందుకి వంచి, వెనక నుంచి మొదలుపెట్టాడు. కరకరమని చప్పుడు. గడ్డం గీసేటప్పటి చప్పుడు కాదది, ఎముక గుండా లోపలికి వినపడుతుంది. తడి జుట్టు చెవుల మీంచి భుజాల మీద పడి, ఒళ్ళోకి జారింది. వెనక, పక్కలు, నడినెత్తి. నడినెత్తిన చప్పుడు కాస్త తగ్గింది. తర్వాత కుడి కణత పైకి వచ్చాడు. చప్పుడు లేదు. కత్తి చల్లగా చర్మాన్ని తాకుతూ వెళ్తోంది, కోయడానికి అక్కడ ఏమీ లేదు. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో అద్దం అవసరం లేకుండా, కళ్ళు మూసుకుని, చెవులతో తెలుసుకున్నాను.

అతను బొటనవేలితో నా నుదుటి మూల చర్మాన్ని పైకి లాగి పట్టుకున్నాడు. "ఇక్కడ కదలొద్దు బాబూ. జుట్టు లేని చోట తొందరగా తెగుద్ది," అన్నాడు. అంతే. గొంతులో జాలి లేదు, వెటకారం లేదు. తన పని జాగ్రత్తగా చేయడానికి ఆ మూల గురించి అతనికి తెలియవలసినంత తెలుసు. నా తల ఎవరైనా ఇంత మామూలుగా ముట్టుకుని ఎంతకాలమైందో! సెలూన్‌లో కుర్చీ ఎక్కగానే ఏదో ఒక నూనె, ఏదో ఒక ప్యాకేజీ అంటగట్టబోయేవాళ్ళే తగిలారు నాకు. ఎడమవైపు కూడా అలాగే నిదానంగా చేసి, భుజం తట్టి, గోవిందా అన్నాడు.

స్నానం చేసి చందనం రాసుకున్నాక కాటేజీ అద్దంలో చూసుకున్నాను. గుండు అన్నిటినీ ఒకటి చేస్తుందని స్టేషన్‌లో అనుకున్నది పూర్తిగా నిజం కాదు. గొరిగిన తల మీద కూడా, చందనం పల్చగా ఉన్న చోట, జుట్టు ఉన్న మేర నల్లటి నీడ కనపడుతుంది. లేని మేర నున్నగా, కాస్త తెల్లగా ఉంటుంది. నా నుదుటి రెండు మూలలూ ఆ నీడలో స్పష్టంగా తెలుస్తున్నాయి. వాటిని అంతసేపు, ఏ వైపుకీ దువ్వకుండా, లైటు ఆర్పకుండా చూడటం అదే మొదలు. చూడగలిగాను.

దర్శనం క్యూలో చాలాసేపు పట్టింది, లోపల కొన్ని క్షణాలే. స్వామి కిరీటం వైపే నా చూపు పోయింది.

తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో ఆకుల ముందు కూచున్నప్పుడు, నా పక్కన ఒక కుర్రాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరమట, కరీంనగర్ వైపు. జుట్టు ముందుకి దువ్వి నుదుటి మీద పరిచి ఉంది. ఆ దువ్వే తీరు నాకు బాగా తెలుసు. సాంబారు వడ్డించేదాకా నా తలవైపు చూస్తూ, చూడనట్టు ఉంటూ, చివరికి వంగి మెల్లగా అడిగాడు:

"అన్నా, నీకు గీ పక్కలకు ఎప్పటి సంది పోయింది?"

చెప్పాను. అతనికి ఏడాదిగా పోతోందట. ఇంట్లో చెబితే, చదువుకునే వయసులో అద్దం ముందు ఏం పని అన్నారట. ఫోన్లో ప్రకటన చూసి ఏదో నూనె తెప్పించాడు. ఇప్పుడు మాత్రలు కూడా తెప్పిద్దామనుకుంటున్నాడు. ఆ మాట వినగానే నేను చేతిలో ముద్ద ఆపేశాను.

నూనె మానెయ్యమన్నాను. పనిచేస్తాయని పరీక్షల్లో తేలిన మందులు కొన్ని ఉన్నాయి. మినాక్సిడిల్ మొదట రక్తపోటుకి ఇచ్చిన మందు, వేసుకున్నవాళ్ళకి ఒంటి మీద జుట్టు పెరగడం చూసి తలకి రాసే మందుగా మార్చారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఫినాస్టిరైడ్ మాత్ర ఆ హార్మోను తయారవడాన్నే తగ్గిస్తుంది, జుట్టు కోసం దానికి 1997లో అనుమతి వచ్చింది. కొందరికి దాంతో లైంగిక సమస్యలు రావచ్చు, అందుకే డాక్టరు రాయకుండా వేసుకోకూడదు. రెండూ పోయినదాన్ని తెచ్చేదానికన్నా ఉన్నదాన్ని నిలబెట్టేది ఎక్కువ, ఆపితే లాభమూ ఆగిపోతుంది. ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది. అసలు నీది ఈ రకమో, రక్తం తక్కువై రాలుతోందో, థైరాయిడో, జ్వరం తర్వాత రాలుతోందో ముందు తేలాలి. చర్మవ్యాధుల డాక్టరుకి చూపించుకో. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ఓపీ ఉంటుంది, డబ్బు గురించి ఆగొద్దు.

"ఇంట్ల నవ్వుతరన్నా."

ఎదురు వరసలోంచి వాళ్ళమ్మ తలెత్తింది. "ఏం ముచ్చట్రా, అన్నం తినకుంట?"

కుర్రాడు ఒకసారి నావైపు చూశాడు. "జుట్టు గురించే అమ్మా," అన్నాడు, ఈసారి అందరికీ వినపడేట్టు.

ఆవిడ నోరు తెరిచేలోపు మామయ్య మజ్జిగ పక్కన పెట్టి, కాస్త ముందుకి జరిగి, "అమ్మా, బాబుకి వెంట్రుకలు రాలతన్నయంట. ఊరెళ్ళగానే ఒకసారి డాక్టరుకి చూపించండి," అని మొదలుపెట్టాడు. తన తల చూపించి, తనకి ఎన్నో ఏట మొదలైందో, అప్పట్లో ఏమేం పూసుకున్నాడో వరసగా చెబుతున్నాడు. ఆవిడ వింటూ, మధ్యలో కొడుకుని దగ్గరికి రమ్మని సైగ చేసి, ఎడమచేత్తో అతని నుదుటి మీది జుట్టు వెనక్కి తోసి చూసింది.